శాతాలు చూసి సరుకు దించకండి: చిన్న వ్యాపారానికి సొంత మార్కెట్ సర్వే

కరకరలాడే కడక్ జొన్న రొట్టెలు, వేరుశనగ పొడి ప్యాకెట్లు కట్టి అమ్ముదామని మా మేనకోడలు నిర్ణయించుకుంది. ఆ రెండూ చేయడంలో దానికి తిరుగులేదు. అయితే సలహాకు వచ్చేటప్పుడు రొట్టెలు తేకుండా ఫోను తెచ్చింది. అందులో వరసగా శాతాలు. ఇంత శాతం మంది రంగు చూసి కొంటారట, ఇంత శాతం మంది కథ ఉన్న బ్రాండునే నమ్ముతారట. "వీటిని బట్టి లేబుల్ వేయిద్దామా అత్తా?" అంది. సర్వే కంపెనీల తరఫున కర్నూలు, కడప, అనంతపురం ఇళ్ల గడపలు ఎక్కి దిగడమే చాలా ఏళ్లు నా ఉద్యోగం. ఆ శాతాలు ఎలా తయారవుతాయో తెలిసినదాన్ని కాబట్టి, దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

మొదట, కంటబడిన ప్రతి శాతాన్నీ నిలదీయండి. ఎవరిని అడిగారు? ఎంతమందిని? ఎప్పుడు, ఏ ఊళ్లో? ఆ సర్వేకు డబ్బు పెట్టింది ఎవరు? ప్యాకెట్‌కు రంగే ప్రాణమని చెప్పే అంకెను ప్యాకెట్లు అచ్చేసేవారే ప్రచురించి ఉంటే దాని విలువ మీకే అర్థమవుతుంది. చాలామందిని అడిగారన్న మాటకు కూడా మురిసిపోవద్దు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. వాటిని లెక్కపెట్టి అధ్యక్ష ఎన్నికల్లో ఆల్ఫ్ లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని రాసింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 అతని ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ వశమయ్యాయి. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్ పుస్తకాల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ల నుంచి తీసినవి. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఫోనూ కారూ ఉన్న ఇళ్లు ఎలాంటివో ఊహించుకోండి. పైగా తిరిగి జవాబు రాసే పట్టుదల ఉన్నవారే రాశారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టే పోల్‌కు ఉన్న జబ్బు అచ్చంగా ఇదే.

ప్రభుత్వ అంకెలు ఉచితంగా దొరుకుతాయి, అవి ముందు చూడండి. గృహ వినియోగ వ్యయ సర్వే 2023-24 ప్రకారం, ఉచితంగా అందిన సరుకుల విలువ కలపకుండా, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో తలకు నెల ఖర్చు 7,182 రూపాయలు, పల్లెల్లో 5,327. దేశవ్యాప్తంగా పట్టణాల ఖర్చులో పానీయాలు, చిరుతిళ్లు, తయారైన ఆహారం కలిపి సుమారు 11 శాతం. నలుగురున్న ఇంటికి లెక్క వేస్తే నెలకు 28,728 రూపాయలు, అందులో 11 శాతం అంటే మూడు వేల పైచిలుకు. బయట తాగే టీ, హోటల్ భోజనం, బిస్కెట్లు, కూల్‌డ్రింకు అన్నీ అందులోనే. మీ రొట్టెల ప్యాకెట్‌కు ఆ మూడు వేలలోనే చోటు దొరకాలి. పైగా ఇది విశాఖ, విజయవాడ కూడా కలిసిన సగటు.

జిల్లా అంకెల్లో ఇంకో గుంట ఉంది. 2011 జనగణన కర్నూలు జిల్లా జనాభాను 40,53,463గా చూపిస్తుంది. 2022 ఏప్రిల్‌లో నంద్యాల విడిపోయాక, అదే జనగణన లెక్కలో కర్నూలుకు మిగిలింది సుమారు 22.7 లక్షలు. పాత అంకె పట్టుకుని "జిల్లాలో నలభై లక్షల మంది, వందకు ఒక్కరు కొన్నా..." అని లెక్కలు వేసేవారు ఇప్పటికీ తగులుతుంటారు. వందకు ఒక్కరు ఎందుకు కొంటారో మాత్రం చెప్పరు.

ఇక సొంత సర్వే. ఎక్కడ అడగాలన్నది ఏమి అడగాలన్నదానికంటే ముఖ్యం. కర్నూలులో సి క్యాంపు రైతు బజార్ దగ్గర ఉదయం నిలబడితే మనుషులు బోలెడు మంది దొరుకుతారు. కానీ వారంతా కూరగాయలు కొని ఇంట్లో వండుకునేవారు. కడక్ రొట్టెలు కొనే అవసరం ఎక్కువగా ఉండేది భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో, గదుల్లో ఉండి చదువుకునే పిల్లలకు, షుగరు వచ్చి రాత్రి అన్నం మానేసిన పెద్దలకు. అందుకని బుధవారపేట, కల్లూరు, వెంకటరమణ కాలనీ లాంటి ఒకదానికొకటి పోలికలేని పేటలు మూడు నాలుగు ఎంచుకోండి. ఫీల్డులో మేము పాటించే కుడిచేతి పద్ధతి ఉంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి కుడివైపు ఇళ్లనే పట్టుకుని వెళ్లాలి, ఒక ఇల్లు పూర్తయ్యాక కొన్ని ఇళ్లు వదిలి తర్వాతి తలుపు తట్టాలి. ముగ్గు బాగుందనో, గేటు తెరిచి ఉందనో ఇల్లు ఎంచుకోకూడదు. ఉద్యోగస్తుల ఇళ్లకు సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి. మధ్యాహ్నం వెళితే ఆ ఇల్లు సర్వేలో లేనట్టే.

ఇంటి స్థాయి తెలియాలంటే జీతం అడగకండి. ఎవరూ నిజం చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. మన దేశంలో సర్వే కంపెనీలు రెండు విషయాలు చూసేవి: ఇంట్లో ప్రధానంగా సంపాదించే వ్యక్తి ఎంతవరకు చదివారు, ఫ్రిజ్, టూవీలర్, వాషింగ్ మెషీన్, వ్యవసాయ భూమి వంటి 11 వాటిలో ఎన్ని ఉన్నాయి. వీటిని బట్టి ఎ1 నుంచి ఇ3 వరకు 12 మెట్లు. మీకు అంత వివరం అక్కర్లేదు, చదువూ ఫ్రిజ్ అడిగితే చాలు.

ఇప్పుడు ప్రశ్నలు. "మేము జొన్న రొట్టెలు పెడితే కొంటారా?" అన్న ప్రశ్నను కాగితం మీద నుంచి కొట్టేయండి. గడపలోకి వచ్చి మంచినీళ్లు తాగిన మనిషి ముఖం మీద "కొనను" అనడం మన ఇళ్లలో లేదు. "ఎందుకు కొనమమ్మా, తప్పకుండా" అంటారు. ఆ "తప్పకుండా"లను నమ్ముకుని పిండి పట్టిస్తే రొట్టెలు మీరే తినాలి. జరగబోయేది కాదు, జరిగింది అడగండి. పోయిన వారం రాత్రి పూట అన్నం కాక ఏమి తిన్నారు? రొట్టెలు ఎవరు చేశారు? బయట కొంటే ఎక్కడ, ఎంతకు? పొడి అయిపోతే ఎవరు తెస్తారు?

చెప్పింది రాసుకుని ఊరుకోకుండా, వీలైతే వస్తువు చూపించమనండి. ఒకావిడ ఫలానా కంపెనీ కారప్పొడి తప్ప వాడనంది. అలమరలో ఆ కంపెనీ డబ్బా ఉంది కూడా. మూత తీస్తే లోపల పక్క వీధి మిల్లులో పట్టించిన కారం. హార్లిక్స్ సీసాలో చింతపండు పెట్టుకునే దేశంలో డబ్బా మీది పేరు సాక్ష్యం కాదు. అబద్ధమాడిందని కాదు, ఆమె దృష్టిలో ఆ డబ్బానే ఆ కారం. ఖాళీ ప్యాకెట్లు పారేయకుండా ఒక సంచిలో వేసి ఉంచమని చెప్పి, పది రోజులకు వెళ్లి లెక్కపెట్టండి. నోటి మాటకంటే ఆ సంచి నయం.

ఎంతమందిని అడగాలి? పద్ధతిగా ఎంచుకున్న 100 మందిని అడిగితే వచ్చే శాతం అటూ ఇటూ 10 వరకు ఊగుతుంది. 400 మందిని అడిగితే ఆ ఊగుడు 5కు తగ్గుతుంది. సగం తగ్గించాలంటే నాలుగింతలు తిరగాలన్నమాట. కాబట్టి వందమందిలో 52 మంది పచ్చ లేబుల్, 48 మంది ఎర్ర లేబుల్ అంటే ఏదీ గెలవలేదు, మీకు నచ్చింది వేయించుకోండి. అంతకంటే మంచి మార్గం, ఒకేలాంటి రెండు కిరాణా కొట్లలో చెరొక లేబుల్ రెండు వారాలు పెట్టి, తర్వాత అటుదిటు మార్చడం. కొట్టు బలం ఎంతో, లేబుల్ బలం ఎంతో అప్పుడు విడిగా కనిపిస్తుంది.

రుచి చూపించేటప్పుడు చిటికెడు పొడి అరచేతిలో వేసి అభిప్రాయం అడగకండి. కోకాకోలా దాదాపు 2 లక్షల మందితో రుచి పరీక్షలు చేయించి 1985 ఏప్రిల్‌లో తీపి పెంచిన కొత్త కోక్ తెచ్చింది. 79 రోజులకు పాతది మళ్లీ అమ్మకానికి పెట్టాల్సి వచ్చింది. గుక్కెడు తాగినప్పుడు తీపి ఎక్కువైనది గెలుస్తుంది. నెలంతా ఇంట్లో ఉండాల్సిన సరుకు సంగతి వేరు, పాత పేరు మీద జనానికి ఉన్న మమకారం వేరు. మీరు పూర్తి ప్యాకెట్ ఇచ్చి, వారం తర్వాత వెళ్లి ఎంత మిగిలిందో చూడండి. ఫోను నంబరు తీసుకుంటే ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే రాసుకోండి.

పేరు సంగతి చాలామంది చివరికి వదిలేస్తారు. అచ్చుకు ఇచ్చేముందే ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 30వ తరగతి కింద వెతకండి. పిండి వంటకాలు, మసాలాలు అందులోకే వస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక తరగతికి రుసుము 4,500 రూపాయలు, రిజిస్టరైతే పదేళ్లు చెల్లుతుంది. "కర్నూలు జొన్న రొట్టె" అన్నది ఊరి పేరు, సరుకు పేరు, అంతే. దాన్ని మీ సొంతం చేసుకోవడం కష్టం. పేరు ఎంచుకున్నాక ఫోనులో ఒక్కసారి చెప్పి అవతలివారిని తిరిగి పలకమనండి. తడబడితే మార్చండి.

సరుకు కొట్లకు వెళ్లాక అసలు లెక్క మొదలవుతుంది. కొట్టుకు దించినదంతా అమ్మకం కాదు. మార్కెట్ పరిశోధకుడు ఆర్థర్ నీల్సన్ 1930లలో అమెరికా దుకాణాల్లో నడిపిన లెక్కే మీకూ పనికొస్తుంది. కిందటిసారి నిల్వ 12, మీరు ఇచ్చినవి 30, వాపసు 3, ఇప్పుడు అరలో 19. అంటే అమ్ముడైనవి 20. ఇది ప్రతి వారం ఒకే రోజు వెళ్లి మీ కళ్లతో చూసి రాయండి, కొట్టు అతన్ని ఫోనులో అడిగితే "బాగానే పోతున్నాయి" అనే అంటాడు. "మీ స్నేహితులకు సిఫారసు చేస్తారా, 0 నుంచి 10లో ఎంత?" అనే ప్రశ్న 2003లో వ్యాపార సలహాదారు ఫ్రెడ్ రైకెల్డ్ రాసిన వ్యాసంతో పెద్ద కంపెనీలకు అలవాటైంది. చిన్న వ్యాపారానికి దానికంటే రెండోసారి కొన్నవారు ఎందరో తెలియడం మేలు. కొట్టు అతన్నే అడగండి, అరువు పుస్తకంలో పేర్లు ఉంటాయి.

నెలకూ నెలకూ పోల్చేటప్పుడు కర్నూలులో ఒక జాగ్రత్త అవసరం. రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, ఆ నెలలో పాతబస్తీ కొట్ల అమ్మకాల తీరే మారిపోతుంది. పోయిన ఏడాది మార్చిని ఈ ఏడాది మార్చి పక్కన పెట్టేముందు ఉపవాసాలు ఏ వారాల్లో పడ్డాయో రెండు వరసల్లోనూ రాసుకోండి.