జుజుత్సు నేర్చుకోవడానికి ముందు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

కరాటే, టైక్వాండో తరగతులు మన అనంతపురం, కర్నూలు, కడప పట్టణాలకు కొత్త కావు. అయితే వాటిలో తొలి నెలలు చాలావరకు ఎవరి జాగాలో వారు నిలబడి సాధన చేయవచ్చు. పట్లతో సాగే జపాన్ పోరువిద్య జుజుత్సులో అలా కాదు. మొదటి వారంలోనే ఎదుటి మనిషి మీ కాలరునో మణికట్టునో పట్టుకుంటాడు, పోనుపోను కీలు మడుస్తాడు, నేలకు వేస్తాడు. కాబట్టి వేసవి సెలవుల్లో చేరాలనుకునేవారు, పిల్లలను చేర్పించాలనుకునేవారు ఫీజు కంటే ముందు నేల సంగతి చూసుకోవాలి.

మన హాళ్ళలో నేల చాలాచోట్ల కడప బండ, లేకపోతే సిమెంటు గచ్చు. దాని మీద పిల్లల ఆటగదుల్లో పరిచే పలుచని మ్యాట్ ముక్కలు వేసి మనిషిని ఎత్తి వేయడం నేర్పితే అది ప్రాణంతో చెలగాటమే. జూడో పోటీలకు పరిచే మ్యాట్లు సుమారు 4 సెంటీమీటర్ల మందం ఉంటాయి. చేరే ముందు ఒకసారి మ్యాట్ మీద మోకాళ్ళు కాస్త గట్టిగా ఆనించి చూడండి. కింది బండ తెలిసిందంటే అక్కడ పడే సాధన చేయకూడదు. మ్యాట్ల మధ్య సందులుంటే కాలివేళ్ళు ఇరుక్కుంటాయి, స్తంభాలూ గోడలూ దగ్గరగా ఉంటే తల తగులుతుంది.

తర్వాతది ఉకెమి, అంటే దెబ్బ తగలకుండా పడే పద్ధతి. వెనక్కి పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, చూపు మీ బెల్టు ముడి మీద నిలిపితే తల వెనుక భాగం నేలకు కొట్టుకోదు. చేతులను ఒంటికి ఏటవాలుగా, అరచేతులు కిందికి ఉండేలా చాచి నేలను చరచాలి, ఆ క్షణంలో ఊపిరి వదలాలి. పడబోయే మనిషి సహజంగా చేసే పని చేయి వెనక్కి పెట్టి ఆపుకోవడం. మణికట్టు, మోచేయి, మెడ పక్క ఎముక (కాలర్ బోన్) విరిగేది ఎక్కువగా అలాగే. ముందు కూర్చుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాతే నిలబడి పడటం నేర్చుకోవాలి. ఉకెమి కుదరకముందే ఎత్తి వేయడం మొదలుపెట్టే మాస్టరు ఎంత పేరున్నవాడైనా సరే, అక్కడ చేరకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఇక మన సీమవారికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. పట్టు బిగిసినప్పుడు అవతలివాడి ఒంటి మీదనో మ్యాట్ మీదనో రెండుసార్లు తట్టడాన్ని ట్యాప్ అంటారు, చేతులు చిక్కుకుంటే కాలితో తట్టవచ్చు, నోటితో చెప్పవచ్చు. దీన్ని ఓటమిగా భావించి పౌరుషానికి పోయి పళ్ళు బిగబట్టే కుర్రవాళ్ళకే మోచేతులు, భుజాలు దెబ్బతింటాయి. నొప్పి వచ్చాక తడదామనుకోకూడదు, ఎందుకంటే కొన్ని కీళ్ళ పట్లలో నొప్పి తెలిసేసరికి కీలు అప్పటికే సాగి ఉంటుంది. మెడ పట్టులో మెదడుకు వెళ్ళే రక్తం ఆగితే పది సెకన్లలోపే స్పృహ తప్పవచ్చు. జుజుత్సులోని జు అనే జపాన్ మాటకే మెత్తదనం, లొంగే గుణం అని అర్థం, కనుక తట్టడం సిగ్గుపడే పని కాదు.

జుజుత్సు నేర్చుకున్న జిగోరో కానో 1882లో జూడోను రూపొందించినప్పుడు ప్రమాదకరమైన పట్లను స్వేచ్ఛా పోరు నుంచి తప్పించి, వాటిలో కొన్నిటిని ముందే నిర్ణయించిన కదలికల వరుసలకు పరిమితం చేశాడు. పాత జుజుత్సులో అలాంటి పట్లు ఇంకా ఉన్నాయి కనుక వాటిని జోడీతో కలిసి, నెమ్మదిగా, ఒప్పందం ప్రకారమే చేయాలి. మణికట్టు తిప్పే కొతె గయెషి పట్టులో ఎదురు బిగదీయకుండా ఆ వైపుకే ఒరిగి పడటమే రక్షణ. ఫోనులో వీడియో చూసి మేడ మీద తమ్ముడి చేయి తిప్పడం ఎంతమాత్రం తగదు.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గీ అనే మందపాటి నూలు దుస్తులు వేసుకుని రేకుల షెడ్డు కింద సాయంత్రం నాలుగింటికి సాధన చేయడం కంటే తెల్లవారుజామున చేయడం క్షేమం. మొదటి రెండు వారాలు సగం శ్రమతో సరిపెట్టుకోవాలి, మధ్యమధ్య ఉప్పు వేసిన పలుచని మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్ళో తాగాలి. తల తిరిగినా వాంతి వచ్చినా వెంటనే ఆపి నీడకు చేరాలి. మాట తడబడితే ఒంటి మీద నీళ్ళు చల్లుతూ 108కి ఫోను చేయాలి.

గోళ్ళు కత్తిరించుకోవాలి. ఉంగరాలు, కమ్మలు, మెట్టెలు, మెడలో గొలుసులు తీసివేయాలి. గీని ప్రతిసారీ ఉతికి ఎండలో ఆరవేయాలి. తామర ఉన్నవారు నయమయ్యేదాకా మ్యాట్ ఎక్కకూడదు. మెడ లేదా వెన్ను నొప్పి, రక్తపోటు, మూర్ఛ, పాత ఎముక విరుగుళ్ళు ఉన్నవారు డాక్టరును అడిగి, ఆ సంగతి మాస్టరుకు కూడా చెప్పి చేరాలి. చిన్న పిల్లలకు మెడ పట్లు, కీళ్ళ పట్లు నేర్పనివ్వకండి, వారికి పడటం, దొర్లడం చాలు.

తలకు దెబ్బ తగిలితే బాగానే ఉందనిపించినా ఆ రోజు మళ్ళీ మ్యాట్ ఎక్కకూడదు, డాక్టరు చెప్పేదాకా ఆగాలి. కీలు వాచినప్పుడు నూనె పెట్టి తోమకుండా, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి కదలకుండా ఉంచాలి. పుత్తూరు కట్టుకు బయలుదేరాలనుకున్నా ముందు ఎక్స్‌రే తీయించండి. వేళ్ళు మొద్దుబారినా చల్లబడినా ఆ ప్రయాణం మానుకుని నేరుగా ఆసుపత్రికే వెళ్ళండి.