ఈ అంకెను కొలిచిందెవరు? అంతర్జాలంలో శాస్త్ర సమాచారం వెతికే పద్ధతి

పదో తరగతి చదువుతున్న మా అన్నయ్య కూతురు చిరుధాన్యాల మీద ప్రాజెక్టు రాస్తూ, వంద గ్రాముల రాగుల్లో కాల్షియం ఎంత ఉంటుందో ఫోన్‌లో వెతికింది. ఒకచోట 344 మిల్లీగ్రాములనీ, మరొకచోట 364 మిల్లీగ్రాములనీ కనిపించేసరికి, ఏది తప్పో చెప్పమని నన్ను అడిగింది. నిజానికి రెండూ తప్పు కావు. హైదరాబాదులోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వేర్వేరు కాలాల్లో ప్రకటించిన రెండు పట్టికల్లోని విలువలవి: 344 పాత పట్టికలోది, 364 అన్నది 2017లో వచ్చిన కొత్త పట్టికలోది. ఆ అమ్మాయి చూసిన పేజీల్లో ఒక్కటి కూడా ఆ సంగతి చెప్పలేదు. అందుకే అంతర్జాలంలో శాస్త్ర విషయాలు వెతికేవారికి వెబ్‌సైట్ల పేర్లకన్నా ముందు ఒక ప్రశ్న అలవాటు కావాలి. ఈ అంకెను ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు?

ఆ 2017 పట్టికనే తీసుకొని చూడండి. దేశాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, నమూనాలు సేకరించి, 528 ఆహార పదార్థాలను విశ్లేషించి దాన్ని తయారు చేశారు. ప్రతి సగటు విలువ పక్కనా ప్లస్ మైనస్ గుర్తుతో మరో అంకె ఉంటుంది. నమూనాకూ నమూనాకూ మధ్య ఎంత తేడా వచ్చిందో అది చెబుతుంది. ఆరోగ్య చిట్కాల పేజీలు ఈ రెండో అంకెను వదిలేసి, సగటును మాత్రమే తీసుకొని, అదేదో ప్రతి రాగి గింజకూ వర్తించే శాసనమన్నట్టు రాస్తాయి. మూల పట్టిక తెరిచినవారు మరొకటి కూడా గమనించాలి: అందులో శక్తిని కిలోజౌళ్లలో ఇచ్చారు. మనకు అలవాటైన కిలోకేలరీలు కావాలంటే 4.184తో భాగించాలి. ఇది చూసుకోకుండా వంద గ్రాముల బియ్యంలో వెయ్యికి పైగా కేలరీలున్నాయని రాసిన విద్యార్థుల ప్రాజెక్టులు నేను చూశాను.

మూలం దాకా వెళ్లడానికి సులువైన మార్గం ఒకటుంది. వెతుకు పెట్టెలో మీ ప్రశ్నతో పాటు ఆంగ్ల అక్షరాల్లో సైట్ అనే మాట, దాని వెంటనే కోలన్ గుర్తు, ఖాళీ వదలకుండా సంస్థ వెబ్ చిరునామా టైపు చేస్తే, ఆ సంస్థ పేజీల్లో దొరికినవి మాత్రమే వస్తాయి. సంస్థ పేరు తెలియనప్పుడు చిరునామాకు బదులు ప్రభుత్వ సైట్ల చివర ఉండే డాట్ గవ్ డాట్ ఇన్ అనే తోకను, విశ్వవిద్యాలయాలకైతే డాట్ ఏసీ డాట్ ఇన్ అనే తోకను పెట్టినా చాలు.

ఈ విషయంలో హైదరాబాదువాసులు అదృష్టవంతులనే చెప్పాలి, ఎందుకంటే దేశమంతా వాడుకునే సమాచారం కొంత మన సిటీ బస్సులు తిరిగే దారుల్లోనే తయారవుతోంది. బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో నడిపే భువన్ పటాల వేదికను ఇస్రో 2009లో ప్రారంభించింది. తమ పేట చెరువు గురించి భూగోళం ప్రాజెక్టు రాసే పిల్లలకు ఎక్కడినుంచో తెచ్చిన రంగుల బొమ్మలకన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. సముద్రం లేని ఈ నగరంలోనే, ప్రగతినగర్ వైపు, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉంది; 2007 నుంచి దేశానికి సునామీ హెచ్చరికలు వెలువడేది అక్కడి నుంచే. కోస్తాలో ఉన్న చుట్టాలు అలలు ఎత్తుగా లేస్తాయని వచ్చిన వాట్సాప్ సందేశం నిజమేనా అని అడిగితే, ఆ కేంద్రం సైటు తెరిచి చూసి జవాబు చెప్పవచ్చు.

తెలుగులో వెతికేవారికి మాటల దగ్గరే చిక్కు వస్తుంది. మన పాఠ్యపుస్తకాల్లో పరమాణువు వేరు, అణువు వేరు. రెండు హైడ్రోజన్ పరమాణువులూ ఒక ఆక్సిజన్ పరమాణువూ కలిస్తే ఒక నీటి అణువు. పత్రికల్లో మాత్రం అణుబాంబు, అణువిద్యుత్తు అనే మాటలు స్థిరపడ్డాయి, అక్కడ మాట్లాడుతున్నది నిజానికి పరమాణు కేంద్రకం గురించి. కాబట్టి అణువు అని ఒక్క మాట కొట్టి వెతికితే రసాయన పాఠమూ, రాజకీయ వార్తలూ కలగాపులగంగా వస్తాయి. దీనికి నేను పాటించే ఉపాయం ఇది: ఆంగ్ల వికీపీడియాలో వ్యాసం తెరిచి, భాషల జాబితాలో తెలుగును ఎంచుకుంటే, అదే విషయానికి తెలుగులో వాడే పేరు శీర్షికగా కనిపిస్తుంది. ఆ పేరును పాఠ్యపుస్తకంలోని మాటతో పోల్చుకోవాలి, ఎందుకంటే పరీక్షలో చెల్లేది పాఠ్యపుస్తకంలోని మాటే. పాత పుస్తకాల్లోని పదాలకైతే ఆంధ్రభారతి నిఘంటు శోధన ఉంది. అనేక నిఘంటువులను అది ఒకేసారి వెతికిపెడుతుంది. తెలుగు వికీపీడియా 2003లో మొదలైంది. అందులో కొన్ని వ్యాసాలు శ్రద్ధగా రాసినవి, కొన్ని రెండు వాక్యాల మొలకలు. వ్యాసం ఎలాంటిదైనా, మనం చూడవలసింది దాని అడుగున ఉన్న మూలాలను.

పాత తెలుగు విజ్ఞాన గ్రంథాలు కావలసినవారికి ఇంటర్నెట్ ఆర్కైవ్ పెద్ద గని. భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాన్ చేసిన పుస్తకాలు వేల సంఖ్యలో అక్కడికి చేరాయి. ఆ పథకంలో గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీకి ముఖ్యమైన పాత్ర ఉంది. అయితే పుస్తకాల పేర్లను రోమన్ లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వారు ఎక్కించారు. ఒక మాటను నాలుగైదు రకాలుగా రాసి వెతికితే తప్ప కావలసిన పుస్తకం దొరకదు, ఓపిక పట్టాలి.

బడి పిల్లలకు కొలరాడో విశ్వవిద్యాలయం వారు ఫెట్ పేరుతో ఇచ్చే కంప్యూటర్ ప్రయోగాలు చాలా ఉపయోగపడతాయి. విద్యుత్ వలయాన్ని తెరమీదే కలిపి బల్బు వెలిగించి చూడవచ్చు. తెలంగాణ పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు దీక్ష అనే ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదికకు తీసుకువెళతాయి. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఐఐటీల వారి ఎన్‌పీటెల్ వీడియో పాఠాల గురించి కొత్తగా చెప్పనక్కరలేదు.

భౌతిక స్థిరాంకాలకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పేజీని చూడాలి. ఇక్కడ కూడా తేదీ ముఖ్యమే. 2019 మే 20 వరకు కిలోగ్రాము అంటే పారిస్ దగ్గర భద్రపరచిన ప్లాటినం ఇరిడియం లోహపు దిమ్మె ద్రవ్యరాశి. ఆనాటి నుంచి దాన్ని ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచిస్తున్నారు. పాత నిర్వచనాన్నే చెబుతున్న పేజీ ఆ తరువాత దిద్దుకోలేదని దీన్నిబట్టి తెలిసిపోతుంది.

పరిశోధన పత్రాల జోలికి వెళ్లేవారు ఒక తేడా గుర్తుంచుకోవాలి. 1991లో మొదలైన ఆర్‌కైవ్ అనే పరిశోధన పత్రాల సైటులో ఉన్నవి ముందస్తు ప్రతులు, వాటిని అక్కడ పెట్టేముందు తోటి శాస్త్రజ్ఞులు సమీక్షించి ఉండకపోవచ్చు. (ఇది పైన చెప్పిన ఇంటర్నెట్ ఆర్కైవ్ కాదు, పలకడంలో ఒకటే అయినా దీని పేరు మధ్యలో ఎక్స్ అక్షరం ఉంటుంది.) వైద్య విషయాలకు పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధన పత్రాల సూచికలో వెతికితే సారాంశాలు దొరుకుతాయి, ఉచితంగా లభించే పూర్తి పాఠాలు పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉంటాయి. ఉపసంహరించిన పత్రమైతే పబ్‌మెడ్ ఆ సంగతిని పేజీలోనే చూపుతుంది, ముందు దాన్ని చూడాలి. ఎలుకల మీద చేసిన ప్రయోగమో మనుషుల మీద చేసిన ప్రయోగమో కూడా సారాంశంలోనే తెలుస్తుంది. పసుపు గురించి మనకు వచ్చే సగం సందేశాలు ఈ ఒక్క పరీక్షకే నిలవవు. డబ్బు కట్టమని అడిగే పత్రిక ఎదురైతే వెనుదిరగనక్కరలేదు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల వారికి 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలు సుమారు 13,000 అందుబాటులోకి వచ్చాయి. మిగిలినవారు రచయితకు మర్యాదగా ఈమెయిల్ రాసి అడగవచ్చు, చాలామంది పంపుతారు.

కృత్రిమ మేధ ఇచ్చిన జవాబులో పరిశోధన పత్రం పేరు ఉంటే, దాని డీఓఐ సంఖ్యను, అంటే ప్రతి పత్రానికీ ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్యను, తెరిచి చూడకుండా వాడకండి. లేని పత్రానికి ఉన్నట్టే పేరు, సంవత్సరం, పేజీలు కల్పించడం ఆ యంత్రాలకు మామూలే. పాత లింకు పని చేయకపోతే దాన్ని పాత వెబ్ పేజీలను దాచే వేబ్యాక్ మెషీన్‌లో అతికిస్తే, ఆ పేజీ పాత ప్రతి తరచుగా దొరుకుతుంది.

దొరికిన ప్రతి అంకె పక్కన సంస్థ పేరు, పట్టిక వెలువడిన సంవత్సరం, పేజీ సంఖ్య, మీరు చూసిన తేదీ రాసుకోండి. మా అన్నయ్య కూతురు తన ప్రాజెక్టులో 364 అని రాసి, కింద చిన్న అక్షరాలతో సంస్థ పేరూ 2017 అన్న సంవత్సరమూ చేర్చి, పాత పట్టికలో 344 అని ఉందని కూడా రాసింది. వాళ్ల టీచరు ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, ఈ తేడా ఎందుకొచ్చిందో వచ్చే వారం తరగతిలో చెప్పమన్నారు.