నచ్చని నైరూప్య చిత్రాన్ని పొరలు పొరలుగా మార్చుకోవడం

కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు, అంటే మందపాటిది) అయితే, బొగ్గుతో గీసి నచ్చక ఆపేసిన బొమ్మను పారేయకండి, ఇంకొన్ని పొరలు మోస్తుంది. అంచులను మాస్కింగ్ టేపుతో బోర్డుకు అంటించండి, లేకపోతే తడికి వంకరపోతుంది.

ముందు వదులుగా ఉన్న బొగ్గుపొడి దులిపి, 30 సెంటీమీటర్ల దూరం నుంచి ఫిక్సేటివ్ (బొగ్గు చెదరకుండా పట్టి ఉంచే స్ప్రే) రెండుసార్లు పలచగా కొట్టండి. ఇది మానేస్తే బొగ్గు, తర్వాత పూసే తెల్ల జెస్సోలో (రంగులకు ముందు అడుగున వేసే పూత) కలిసి అంతా బూడిదరంగు బురదవుతుంది. జెస్సోకు నాలుగోవంతు నీళ్లు కలిపి, బలహీనంగా కనిపించే చోట్ల మాత్రమే పూయండి. కింది గీత లీలగా కనిపించాలి, అందమంతా అక్కడే ఉంది! బాగా ఆరాక 400 నంబరు ఉప్పుకాగితంతో అక్కడక్కడా రుద్దితే పాత గీతలు పైకి తేలతాయి.

ఫోన్లో నలుపు-తెలుపు ఫొటో తీసి చూడండి. అంతా ఒకే బూడిదరంగులో కనిపిస్తే ఒకట్రెండు చోట్ల ఇండియన్ ఇంకుతో (చిక్కటి నల్ల సిరా) ముదురు చేయండి. ఆయిల్ పాస్టెల్ (నూనె, మైనం కలిసిన రంగు కడ్డీ) మాత్రం చివర్లోనే: ఆ జిడ్డు మీద ఇంకు నిలవదు, యాక్రిలిక్ రంగు పెచ్చులూడుతుంది.