ప్రీఫ్యాబ్ ఇల్లు నేర్చుకుందాం – 4వ పాఠం: ఆర్కిటెక్ట్‌కి ఇచ్చే ఫీజు మిగులుతుందా?

ప్రీఫ్యాబ్ ఇల్లంటే భాగాలు ఫ్యాక్టరీలో తయారై, ప్లాటులో బిగించే ఇల్లు. పోయిన పాఠంలో దాని కొటేషన్ చదవడం చూశాం. హైదరాబాద్ చుట్టుపక్కల శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ప్లాటు కొన్నవాళ్లు ఆ తర్వాత అడిగేది ఒకటే: ప్రీఫ్యాబ్ కంపెనీకే డిజైనర్ ఉన్నాడు కదా, బయటి ఆర్కిటెక్ట్ ఎందుకు?

ఇల్లు మొత్తం బయటి ఆర్కిటెక్ట్‌తో గీయిస్తే మామూలుగా డబ్బు మిగలదు. ఆ ప్లాన్‌ని ఫ్యాక్టరీవాళ్లు తమ స్టీలు ఫ్రేముకి తగ్గట్టు మళ్లీ గీయాల్సిందే. ఒకే పనికి రెండుసార్లు కడతాం. కంపెనీ ఒప్పందంపై సంతకం పెట్టకముందు రెండు విషయాలు చూసిపెట్టమని ఆర్కిటెక్ట్‌ని అడిగితే మాత్రం ఫీజు వసూలవుతుందని నా గట్టి నమ్మకం.

మొదటిది కొలతలు. గోడలకు వాడే సిమెంట్ బోర్డు సాధారణంగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. నిలువుగా పెడితే 12 అడుగుల గోడకు మూడు బోర్డులు సరిగ్గా సరిపోతాయి. 13 అడుగులైతే నాలుగోది కోయాలి. ఒక అడుగు వాడతారు, మిగతా 3 అడుగులు ఇంకోచోట పనికిరాకపోతే వృథా. గోడకు లోపలా బయటా ఇదే లెక్క. మన ఎండలకు 10 అడుగుల ఎత్తు కావాలంటే పైన 2 అడుగుల ముక్క, ఇంకో జాయింటు. వాస్తులో గది కొలతలు తేల్చే ఆయం లెక్కతో 11 అడుగుల 3 అంగుళాల గది వస్తే మూడో బోర్డూ కోయాలి, 9 అంగుళాల ముక్క మిగులుతుంది. వాస్తు పట్టింపు ఉంటే సిద్ధాంతిగారినీ ఆర్కిటెక్ట్‌నీ ముందే కలిపి కూర్చోబెట్టండి. ఫ్రేము తయారయ్యాక తలుపు జరపమంటే టెన్షనూ ఖర్చూ మనవే.

రెండోది నేల. ఇల్లు తేలిక, పునాది చౌక అంటారు. నల్లరేగడిలో ఆ మాట నమ్మకండి. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే ఆ నేల తేలిక కట్టడాన్నే ఎక్కువగా కదిలిస్తుంది. పునాది చాలా కొటేషన్లలో ఉండదు కూడా. మట్టి పరీక్ష చేయించి, స్ట్రక్చరల్ ఇంజనీర్‌తో పునాది తేల్చాకే ధర మాట్లాడాలి.

ఫీజు శాతంలో వద్దు, ఇంటి ఖర్చు పెరిగితే అదీ పెరుగుతుంది. పని ఇంత అని రాసుకుని ఏకమొత్తం మాట్లాడుకోండి. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడకండి.

అభ్యాసం: మీ ప్లాన్‌లో ప్రతి గోడ పొడవునూ అడుగుల్లో తీసుకుని 4తో భాగించండి. శేషం మిగిలిన గోడలకు ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టి, వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర ఉంచుకోండి.