జేసీబీ రాకముందే పెరట్లో కొలను గీసి చూడండి
హనుమకొండ వైపు ఇంటి పెరట్లో ఈత కొలను కట్టాలంటే మొదటి పని కాగితం మీద కాదు, నేల మీదే. 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో ముగ్గుపిండి గీత గీయండి. చుట్టూ 4 అడుగుల నడకదారి కూడా గీయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. గీతను రెండు మూడు రోజులు ఉంచి వంటింటి కిటికీలోంచి, మిద్దె మీంచి చూడండి. వేపచెట్టు కింద మాత్రం వద్దు: రాలిన ఆకు, పూత ఫిల్టర్‌ను పూడుస్తాయి.

అసలు ఖర్చు తేల్చేది నేల. ఒకచోట 6 అడుగుల గుంత తవ్వించండి. రాయి తగిలితే జేసీబీ బకెట్‌తో పని కాదు, రాయిని పగలగొట్టే బ్రేకర్ కావాలి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, గోడలు పగులుతాయి. ఇంజనీరుతో ఇనుము లెక్క వేయించకుండా ముందుకెళ్లొద్దు. వానాకాలంలో గుంతలో నీరు ఊరితే ఇంకా జాగ్రత్త. కొలను ఖాళీ చేసినప్పుడు నేలలో ఊరిన నీరు కింది నుంచి దాన్ని పైకి లేపగలదు.

సగటు లోతు 4 అడుగులైతే సుమారు 32,600 లీటర్లు పడతాయి, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. 6 గంటల్లో నీరంతా ఒకసారి ఫిల్టర్ కావాలంటే గంటకు 5,500 లీటర్లు తోడే పంపు చూసుకోండి. నీటిమట్టం ఒక్క సెంటీమీటరు ఆవిరైనా దాదాపు 270 లీటర్లు పోయినట్టే. మే నెలలో మీ బోరు ఎంత పోస్తుందో ముందే కొలవండి.