మనసు బాగోలేనప్పుడు: లోపం ఎక్కడుంది, ఏం చేయాలి

నేను సైకాలజీలో ఎం.ఏ. చేశాను. ఉద్యోగం మాత్రం లెక్కలు రాసేది. పదకొండేళ్లుగా రోజూ గుంటూరు నుంచి బెజవాడకు రైల్లో వెళ్లి వస్తున్నాను. నా చదువు సంగతి తెలిశాక బంధువులూ, ఆఫీసువాళ్లూ, రైలు స్నేహితులూ తమ గోడు నాకు చెప్పుకోవడం మొదలుపెట్టారు. వినగా వినగా నాకు అర్థమైంది ఒకటే. బాధ ఉందని అందరికీ తెలుస్తుంది, అది ఎక్కడినుంచి వస్తోందో మాత్రం పట్టుకోలేకపోతున్నాం. అందుకే ఒంటరితనం బాధిస్తుంటే షాపింగ్‌కి వెళ్తాం, అలసిపోతే ఫోను పట్టుకుంటాం, పక్కవాళ్లను చూసి కుమిలిపోతూ ఇంకో లోను తీసుకుంటాం. కడుపునొప్పికి తలనొప్పి మాత్ర వేసుకుంటే ఎలా తగ్గుతుంది?

ముందు ఇది చూసుకోండి

రెండు వారాలుగా దాదాపు రోజంతా దిగులుగా ఉంటోందా? నిద్ర, ఆకలి దెబ్బతిన్నాయా? ఇష్టమైన పనులు కూడా చేయబుద్ధి కావడం లేదా? అయితే కింద రాసినవి చాలవు, డాక్టర్‌ని కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. నలుగురూ ఏమనుకుంటారో అని ఆగిపోయి నలిగిపోయినవాళ్లను చూశాను. దయచేసి ఆగకండి.

లక్షణం: కోరుకున్నది దొరికింది, కొన్నాళ్లకే మామూలైపోయింది

మా పిన్నివాళ్లు తాడేపల్లిలో ఫ్లాటు కొన్నారు. బాల్కనీలోంచి కృష్ణా నది కనిపిస్తుంది. గృహప్రవేశం రోజు వచ్చినవాళ్లంతా భోజనాలు వదిలేసి అక్కడే నిలబడ్డారు. మొన్న వెళ్లేసరికి ఆ బాల్కనీకి అడ్డంగా బట్టలారేసే స్టాండు ఉంది. తడి తువ్వాళ్ల సందుల్లోంచి నది కనిపిస్తోంది. “ఇంకాస్త పెద్దది కొనాల్సిందే అమ్మా” అంది పిన్ని.

కారణం: ఫ్లాటు చిన్నదవడం కాదు, మనసు దానికి అలవాటుపడటం. 1978లో బ్రిక్‌మన్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరితో కలిసి, అమెరికాలోని ఇల్లినాయిలో పెద్ద లాటరీ తగిలిన 22 మందిని మామూలు మనుషులతో పోల్చి చూశాడు. లాటరీ తగిలినవాళ్ల ఆనందం మిగతావాళ్లకంటే చెప్పుకోదగ్గంత ఎక్కువేమీ లేదు. పైగా రోజువారీ చిన్న చిన్న సంతోషాలు వాళ్లకు తక్కువగా అనిపించాయి. చేసింది కొద్దిమందితోనే అయినా, పెద్ద ఇల్లు కొంటే తీరిపోతుందనుకునే ముందు ఒకసారి గుర్తు చేసుకోవాల్సిన విషయం.

ఏం చేయాలి: కొత్తది కొనడం కాదు, ఉన్నదానికి కాస్త విరామం ఇవ్వాలి. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో వారంపాటు చాక్లెట్ మానేసినవాళ్లు, మళ్లీ తిన్నప్పుడు మిగతావాళ్లకంటే ఎక్కువ ఆస్వాదించారు. ఇది మనకు తెలియనిదేం కాదు. నూజివీడు రసాలు ఏడాది పొడవునా దొరికితే వేసవిలో అంత ఆశగా ఎదురుచూస్తామా? పిన్నికి నేను చెప్పింది ఇదే: ఆ స్టాండు లోపలికి మార్చు, ఆదివారం సాయంత్రం ఒక్కపూట కాఫీ అక్కడ తాగు, ఫోను మాత్రం గదిలో వదిలేసి వెళ్లు. పెద్ద ఫ్లాటు మాట వచ్చే ఏడాది చూద్దాం.

లక్షణం: ఎవరికో మంచి జరిగిందని వింటే లోపల కలుక్కుమంటుంది

అక్క కొడుకు ప్యాకేజీ, తోడికోడలి కొత్త కారు, వాట్సాప్ స్టేటస్‌లో ఎవరిదో అమెరికా ప్రయాణం. దీనికి మనం చెడ్డవాళ్లమని సిగ్గుపడతాం. అక్కర్లేదు. తన స్థితిని కొలుచుకోవడానికి మనసు పక్కవాళ్లను కొలబద్దగా వాడుకుంటుంది, అందరి మనసూ అంతే.

కొలబద్ద ఎటు పెడుతున్నామన్నదే ముఖ్యం. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోల్లో విజేతల ముఖాలు చూసి ముగ్గురు పరిశోధకులు ఒక సంగతి తేల్చారు. వెండి పతకం వచ్చినవాళ్లకంటే కాంస్యం వచ్చినవాళ్లు ఎక్కువ సంతోషంగా కనిపించారు. వెండి వచ్చినవాడు బంగారం పోయిందనుకుంటాడు, కాంస్యం వచ్చినవాడు అసలు పతకమే రాకపోయేదేమో అనుకుంటాడు. మన ఊళ్లలో ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) కౌన్సెలింగ్ అయ్యాక చూడండి. “కొద్దిలో కంప్యూటర్స్ సీటు పోయింది” అని ఏడ్చే పిల్లాడి ర్యాంకు, “చివరి సీటు నాకే వచ్చింది” అని గంతులేసే పిల్లాడి ర్యాంకు కంటే మెరుగ్గా ఉంటుంది.

రెండు వారాలు మిమ్మల్ని కలవరపెట్టే స్టేటస్‌లు మ్యూట్‌లో పెట్టండి, వాళ్లకు తెలియదు కూడా. పోల్చుకోవాలనిపిస్తే పోయినేడాది మీతో పోల్చుకోండి. తల్లిదండ్రులకు చేతులు జోడించి అడుగుతున్నాను, రిజల్ట్స్ వచ్చిన రోజు పిల్లల ముందు ఇంకొకరి ర్యాంకు ఎత్తకండి.

లక్షణం: చుట్టూ జనమే, అయినా ఒంటరిగా ఉంది

నేను ఎక్కువగా విన్న బాధ ఇదే. నేను పడింది కూడా.

నేను రోజూ వెళ్లే రైల్లో నంబూరు స్టేషన్లో ఒక పెద్దావిడ ఎక్కుతుంది. తలుపు దగ్గర కింద కూర్చుని గోనెపట్టా పరిచి, కరివేపాకు కుప్ప పోసుకుని, తడిపిన అరటి నారతో కట్టలు కడుతుంది. చూపుడువేలికి నార రెండు చుట్లు చుట్టి, పంటితో తెంపి, కట్ట పక్కన పడేస్తుంది. పెట్టె అంతా కరివేపాకు వాసన. నాలుగేళ్లు రోజూ చూశాను, ఒక్కసారీ మాట్లాడలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేదాన్ని. ఒకరోజు నార చుట్ట దొర్లి నా కాళ్ల దగ్గరికి వచ్చింది.

“అది కాస్త అందుకో తల్లీ” అంది.

ఇచ్చి, ఎన్ని కట్టలు కడతావు పెద్దమ్మా అని అడిగాను. “నూరు. కృష్ణా కెనాల్ వచ్చేసరికి అయిపోవాలి” అని తలెత్తకుండానే, “పోయిన వారం మూడు రోజులు రాలేదేం? జ్వరమా?” అంది.

నిజంగా జ్వరమే. ఆఫీసులో లీవు గురించి అడిగారు గానీ జ్వరమా అని అడిగింది ఆవిడే.

కారణం: ఎదుటివాళ్లకు మనతో మాట్లాడటం ఇష్టం ఉండదని తప్పుగా ఊహించుకోవడం. ఎప్లీ, ష్రోడర్ అనే ఇద్దరు పరిశోధకులు షికాగో రైలు ప్రయాణికులతో దీన్నే పరీక్షించి 2014లో ప్రచురించారు. కొందరిని పక్కనున్న కొత్తవాళ్లతో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు, కొందరిని రోజూలాగే వెళ్లమన్నారు. మాట్లాడినవాళ్ల ప్రయాణమే హాయిగా సాగింది. ముందుగా ఊహించి చెప్పమన్నప్పుడు మాత్రం జనం మౌనమే హాయి అన్నారు. 1938లో హార్వర్డ్‌లో మొదలై ఇప్పటికీ సాగుతున్న అధ్యయనం కూడా మనుషుల మధ్య దగ్గరితనానికీ, ముసలితనంలో ఆరోగ్యానికీ, ఆనందానికీ గట్టి సంబంధం ఉందని చూపింది.

ఏం చేయాలి: రోజుకొకరిని ఒక చిన్న ప్రశ్న అడగండి, వాళ్ల చేతిలో ఉన్న పని గురించైతే సులువు. అలాగే పనేమీ లేకుండా వారానికి ఒక పాత స్నేహితురాలికో, మేనత్తకో ఫోన్ చేయండి. “ఏంటి విశేషం?” అని కంగారుపడతారు. “ఊరికే చేశాను” అనండి. రెండోసారికి ఆ కంగారు పోతుంది.

లక్షణం: ఖర్చుపెడుతున్నా తృప్తి లేదు

కెనడాలో ఒక ప్రయోగంలో కొందరికి 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి సాయంత్రం 5లోపు ఖర్చు చేయమన్నారు. 2008లో వచ్చిన ఫలితం ఏమిటంటే, ఎదుటివాళ్ల కోసం ఖర్చుపెట్టినవాళ్లే ఎక్కువ సంతోషపడ్డారు, డబ్బు ఎంతన్నది లెక్కలోకి రాలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్ మునిగినప్పుడు మేం పులిహోర పొట్లాలు కట్టాం. అరచేతులు పసుపెక్కాయి, నడుం విరిగిపోయింది. ఆ రాత్రి పడుకున్నంత ప్రశాంతంగా నేను అంతకుముందు ఎప్పుడు పడుకున్నానో గుర్తు లేదు.

లక్షణం: పడుకుంటే ఆలోచనలు ఆగవు

కారణం: చాలాసార్లు అవి పెద్ద చింతలు కావు, తేలని పనులు. మర్చిపోతామేమోనని మెదడు గుర్తుచేస్తూ ఉంటుంది. అయిదు నిమిషాలు కాగితం మీద రేపు చేయాల్సినవి రాసిపెట్టండి. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, అలా రాసినవాళ్లు, పూర్తయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది. “అత్తయ్యగారి కళ్లు” అని రాయకండి. “మంగళవారం 8కి కంటి డాక్టర్ దగ్గర టోకెన్, పాత చీటీలు నల్ల సంచీలో” అని రాయండి.

లక్షణం: ఏం చేయాలన్నా మూడ్ ఉండదు

మూడ్ వచ్చాక లేద్దామనుకుంటే రాదు, లేచి కదిలితే వెనకాలే వస్తుంది. దిగులు ఉన్నవాళ్లకు ఇచ్చే చికిత్సల్లో ఇదీ ఒక పద్ధతి. టైము, మనిషి రెండూ ముందే ఖాయం చేసుకోండి: శనివారం సాయంత్రం అయిదున్నర, గాంధీ పార్కు గేటు, వదినతో. అది కూడా పెద్దదనిపిస్తే చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లి రండి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఏది పనిచేసిందో తెలియదు, నాలుగు రోజుల్లో విసుగొస్తుంది. ఒక్కటి ఎంచుకుని రెండు వారాలు చేయండి. రోజూ రాత్రి క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో ఈ రోజు ఎలా గడిచిందో పదికి ఒక అంకె వేయండి. పద్నాలుగో రోజుకీ అంకె కదలకపోతే మీరు పట్టుకున్న కారణం తప్పయి ఉండొచ్చు, వేరే లక్షణం చూసుకోండి. అంకె తగ్గుతూ పోతుంటే మాత్రం పైన రాసిన నంబరుకి ఫోన్ చేయండి.