ఎలుక మెదడు డాప్లర్ స్కాన్: రంగు కనిపించకపోతే ఏం చూడాలి?

పక్షవాతం పరిశోధనలో ఎలుక మెడలోని కెరోటిడ్ ధమని గుండా సిలికాన్ పూత వేసిన సన్నటి నైలాన్ దారాన్ని పైకి పంపి, మెదడులో ఎంసీఏ (మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ) అనే ధమని మొదలును మూస్తాం. నిజంగా మూసుకుందా లేదా అన్నది పుర్రె మీది నుంచే డాప్లర్‌తో, అంటే రక్త ప్రవాహాన్ని తెర మీద రంగుగా చూపే అల్ట్రాసౌండ్‌తో, చూడొచ్చు. తిరుపతిలో ఈ పని కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేవి ఇవి.

సమస్య: తెర మీద రంగే లేదు

"మూసుకుపోయింది సార్" అని వెంటనే రాసేయకండి. ప్రోబ్‌ను (తల మీద ఆనించే స్కాన్ పరికరాన్ని) ఆపరేషన్ చేయని వైపుకు తిప్పండి. అక్కడా రంగు లేకపోతే లోపం స్కాన్‌లోనే ఉంది. చాలాసార్లు కారణం ధ్వని తరంగాలను అడ్డుకునే గాలి. మొన్న మే నెలలో ఒక అమ్మాయి గంటసేపు గెయిన్ (సిగ్నల్ బలం) పెంచుతూ, తగ్గిస్తూ కూర్చుంది. ప్రోబ్‌కూ తలకూ మధ్య రాసే జెల్ సీసాను కిటికీ వెలుతురుకు పట్టి చూపించాను. లోపల ఆవగింజలంత బుడగలు! సీసాను తలకిందులుగా నిలబెట్టి, బుడగలు పైకి తేలాక వాడండి. తల మీద వెంట్రుకలు పూర్తిగా తీసేయండి, కుదుళ్ల దగ్గర కూడా గాలి నిలుస్తుంది.

సమస్య: మూసిన వైపు రంగు పోయింది, కానీ మర్నాడు మెదడుకు దెబ్బే లేదు

మనసు కష్టపెట్టేది ఇదే. ఒక ప్రాణం పోయింది, ఫలితం మిగల్లేదు. మెదడు ముక్కలకు టీటీసీ (బతికున్న కణజాలాన్ని ఎర్రగా మార్చే రసాయనం) వేస్తే చచ్చిన భాగం తెల్లగా రావాలి, కానీ ముక్కలన్నీ ఎర్రగానే ఉంటాయి.

మొదటి కారణం, సన్నగా పారుతున్న రక్తం మీ కంట పడలేదు. వేగం స్కేలు (మెషీన్ కొలిచే వేగాల పరిధి) ఎక్కువగా ఉంటే, వాల్ ఫిల్టర్ (నెమ్మది కదలికల సిగ్నల్‌ను తీసేసే సెట్టింగ్) పెద్దగా ఉంటే మెషీన్ నెమ్మది ప్రవాహాన్ని చెరిపేస్తుంది. రెండూ తగ్గించి మళ్లీ చూడండి. రంగుతో సరిపెట్టుకోకుండా పల్స్ డాప్లర్ అల (ఒక్క చోట రక్తం వేగాన్ని చూపే గ్రాఫ్) కూడా తీయండి.

రెండో కారణం మన ఊరి ఎండ తెచ్చిపెట్టేది. బయట 40 డిగ్రీలు దాటితే లోపల ఏసీ 18కి పెడతాం. మత్తులో ఉన్న ఎలుక తన ఒంటి వేడిని కాపాడుకోలేదు, దాని మీద చల్లటి జెల్ పోస్తాం. ఒళ్లు చల్లబడితే మెదడుకు దెబ్బ తగ్గుతుంది. హీటింగ్ ప్యాడ్ పెట్టి, మలద్వారం థర్మామీటర్‌తో 37 డిగ్రీల దగ్గర నిలపండి. జెల్ సీసాను గోరువెచ్చని నీళ్ల గ్లాసులో ఉంచండి.

సమస్య: దారం మధ్యలోనే ఆగిపోయింది

పెద్ద ఎలుకలో కెరోటిడ్ రెండుగా చీలే చోటు నుంచి సుమారు 18 నుంచి 20 మిల్లీమీటర్లు వెళ్లాలి. అంతకు చాలా ముందే అడ్డు తగిలితే టెరిగోపాలటైన్ అనే పక్క ధమని కొమ్మలోకి దారి తప్పినట్టే. వెనక్కి లాగి, దిశ మార్చి పంపండి. బలవంతంగా మాత్రం నెట్టొద్దు, నాళం చిల్లు పడుతుంది. చిల్లు పడి ఎలుక కుంగిపోతుంటే, ఎథిక్స్ కమిటీ ఆమోదించిన ప్రోటోకాల్ ప్రకారం బాధ లేకుండా ముగించండి. డేటా కోసం సాగదీయొద్దు.

సమస్య: వేగం అంకె ప్రతిసారీ మారుతోంది

డాప్లర్ తరంగానికీ రక్తం పారే దిశకూ మధ్య కోణం చూసుకోండి. 60 డిగ్రీల దగ్గర 5 డిగ్రీలు తప్పితే వేగం దాదాపు 15 శాతం తప్పుతుంది, 30 దగ్గర 5 శాతమే.

సమస్య: దారం తీసేసినా ప్రవాహం పూర్తిగా రాలేదు

ఏ పద్ధతి చేశారో చూడండి. 1986 నాటి కొయిజుమి పద్ధతిలో కామన్ కెరోటిడ్‌ను (చీలికకు ముందున్న ప్రధాన ధమనిని) కట్టేస్తారు, రక్తం వేరే ధమనుల చుట్టుదారిలోనే రావాలి. 1989 నాటి లాంగా పద్ధతిలో దారం ఎక్స్‌టర్నల్ కెరోటిడ్ (బయటి కొమ్మ) కోసి మిగిల్చిన మోడు గుండా వెళ్తుంది కాబట్టి అసలు దారి మళ్లీ తెరుచుకుంటుంది. ఏదైనా సరే, పక్క ఎలుకతో పోల్చకండి. అదే ఎలుకకు దారం పంపకముందు తీసిన స్కాన్‌తో పోల్చండి.